కెమెరాకు పెట్టిన బొట్టు

ఇదొక మహాగాథ. ఉక్కు, సముద్రం, వందల కిలోమీటర్ల దూరం, మనిషి సంకల్పం అన్నీ ఇందులో ఉన్నాయి. అలా మొదలుపెడదామనే కూర్చున్నాను. నిజానికి ఉన్నది ఒక షెడ్డులోంచి పక్క షెడ్డుకి ఇనప చుట్టలు మోసే బ్యాటరీ బండి మాత్రమే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. విశాఖ దగ్గర దువ్వాడ అవతల ఒక చిన్న కర్మాగారం. హైదరాబాదులోని మా కంపెనీ దాని యజమానికి ఒక కల అమ్మింది: నడిపేవాడు హైదరాబాదులో కూర్చుంటాడు, బండి ఇక్కడ తిరుగుతుంది. మధ్యలో అద్దెకు తీసుకున్న ఫోన్ లైను. బండి ముందున్న కెమెరా చూసింది అక్కడి తెరమీదికి చేరడానికి మూడు సెకన్లు, అక్కడ నొక్కింది ఇక్కడికి రావడానికి ఇంకో మూడు.

నా ఉద్యోగం తాత్కాలికం. ఆ రోజు పదకొండింటికి, యజమాని కళ్లముందు, బండి అరవై అడుగులు వెళ్లి సున్నం గీత దగ్గర ఆగితే ఖాయం. షరతు ఒక్కటే: దాన్ని ఇక్కడివాళ్లెవరూ ఆపకూడదు. నాన్న అప్పటికే క్వార్టర్స్ అంతా "మావాడిది పర్మినెంటు" అని చెప్పేశాడు. గోదావరి నుంచి ఉక్కు ఉద్యోగానికి వచ్చిన మనిషాయన. పర్మినెంటు కానిది ఆయన దృష్టిలో ఉద్యోగం కాదు, జ్వరం. నాలుగు రోజులుగా నాకు అన్నం దిగలేదు. ఆ పొద్దున స్నానం చేస్తూ ఏడ్చాను కూడా. కళ్లెందుకు ఎర్రబడ్డాయని అడిగితే సబ్బు మీదికి తోసేయొచ్చు.

పదకొండుకి పది నిమిషాలుందనగా, హైదరాబాదులో తెర ముందు బండి నడపడానికి కూర్చున్న మా మేనేజరు ఫోన్లో అరిచాడు.

"ఏంటయ్యా, అంతా ఎర్రగా ఉంది! షెడ్డు తగలబడుతోందా?"

పరిగెత్తాను. రోజూ ఆ బండి తోలే డ్రైవరు, జాలరిపేటవాడు, నా ఈడువాడే, కొబ్బరికాయ కొట్టి లేస్తున్నాడు. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. కెమెరా అద్దం నిండా నూనెలో తడిపిన కుంకుమ.

"ఇదేంటి బావా!"

"కొత్త కన్నెట్టారు కదేటి బావ. బొట్టెట్టకుండా ఎలాగ తోల్తారేటి? పడవకైనా బొట్టెట్టే నీల్లలో దింపుతాం."

"అది చూసే అద్దం!"

"ముకమంటే అదే కదేటి మరి. ఎట్టమని ఓనరుగారే సెప్పారు."

చొక్కా అంచుతో తుడిచాను. బొట్టు కాస్తా సూర్యాస్తమయం అయింది.

"తుడువయ్యా!" ఫోన్లో మేనేజరు.

"తుడిచాను సార్."

"ఇంకా ఎర్రగానే ఉంది!"

"మూడు సెకన్లు ఆగండి సార్."

"ఆఁ... గులాబీకొచ్చింది."

ఈలోగా బండికి ప్రాణముందో లేదో చూద్దామని ఆయన ముందుకు నడిపే మీట ఎన్నిసార్లు నొక్కాడో. ఒక్కో నొక్కుకీ వేగం ఒక మెట్టు. అన్నీ ఒక్కసారే దిగాయి. నిమ్మకాయలు నలిగాయి, రెండు టన్నుల చుట్టతో బండి దూసుకెళ్లింది. సున్నం గీత మీద యజమాని అటు తిరిగి కొబ్బరిముక్క నములుతున్నాడు.

బండి పక్కనే పరిగెడుతున్నాను. బండిని ఆపే ఎర్ర బొత్తాం నా చేతికందుతోంది. నొక్కితే నా ఉద్యోగం పోతుంది, నొక్కకపోతే ఆయన కాళ్లు పోతాయి. ఎంతసేపు ఆలోచించానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే.

"నొక్కెహె, బావ!"

నొక్కాను. గీతకి జానెడు ఇవతల ఆగింది.

మూడు సెకన్ల తర్వాత ఫోన్లో చప్పట్లు, యజమానికి వినబడేలా మేనేజరు అరుపు. "చూశారా సార్! గీత దగ్గరే ఆపాను!"

దేవుడా, ఈ అబద్ధం ఒక్కటీ నిలబెట్టు అనుకున్నాను. యజమాని వెనక్కి తిరిగి చూశాడు. "ఎవరాపారు?"

"మా బావేనండి!" డ్రైవరు నా భుజం చరిచాడు, ముఖమంతా గర్వం. "సెయ్యేసి ఆపీసినాడు. లేపోతే మీ కాల్లు పోయీవి!"

యజమాని బండిని చూశాడు, నన్ను చూశాడు. "అంటే ఇక్కడ మనిషి ఉండాల్సిందేనన్నమాట. డ్రైవరున్నాడుగా, చాలు."

మేనేజరు నాకు అప్పగించిన చివరి పని ఫోన్ లైను రద్దు చేయించడం. టెలిఫోను ఆఫీసులో ఆ దరఖాస్తులు ఒంటిగంట లోపే తీసుకుంటారట. నేను వెళ్లేసరికి ఒకటీ ఇరవై అయింది.