హంతకుడెవరో తనే చెప్పాలనుకున్న అన్నయ్య

పోయిన ఆదివారం ఆరాధన ముగించుకుని మందిరం మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే ముంబై నుంచి వదిన ఫోన్ చేసింది. "మీ అన్నయ్య మనల్ని వదిలి వెళ్లిపోయారు" అంది. అక్కడే మెట్టు మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాను.

హిందీ సస్పెన్స్ సినిమాలు చూసే మీలో కొందరు దర్శకుడిగా అన్నయ్య పేరు తెర మీద చదివే ఉంటారు. నేను చదవలేదు. మాది సినిమా హాలుకు వెళ్లని విశ్వాసుల కుటుంబం. అయినా ఆ కథలన్నీ నాకు తెలుసు. వాటిని అందరికన్నా ముందు విన్నది మేమే.

ఈపూరు దగ్గర మా మిరప కల్లంలో ఆడవాళ్లం వరసగా కూర్చుని, ఎండిన కాయల్లోంచి తెల్లబారిన తాలు కాయలు ఏరేవాళ్లం. ఊరికి వచ్చినప్పుడల్లా అన్నయ్య గోనెపట్టా పరుచుకుని మా ఎదురుగా కూర్చుని కొత్త కథ చెప్పేవాడు. మా ముఖాలు చూసేవాడు కాదు, చేతులు చూసేవాడు. ఏరే చేతులు ఆగితే ఆ సీను ఉంటుంది, ఆగకపోతే తీసేస్తాడు.

ఒకసారి పక్కింటి పిన్ని తలెత్తకుండానే అంది: "ఇంక ఆపరా అయ్యా. ఆ డాక్టరేగా చంపింది?"

"నీకెట్టా తెలుసు పిన్నీ?"

"వాడు చానా మంచోడని నువ్వు చెప్పినప్పుడే తెలిసింది."

"అదేంది, లోకంలో మంచోళ్లే ఉండరా?"

"ఉంటారు. నీ సినిమాల్లో ఉండరుగా!"

అందరం పగలబడి నవ్వాం. అన్నయ్య నవ్వలేదు. మర్నాడే బస్సెక్కి వెళ్లిపోయి కథంతా తిరగరాశాడు. తనకు పేరు తెచ్చిన సినిమా అదే.

ఆ పేరు ఊరికే రాలేదు. నరసరావుపేటలో ఇంటర్ చదివి, బడిలో నేర్చిన హిందీతో బొంబాయి చేరాడు. ఎడిటింగ్ గదిలో చిన్న పనులతో మొదలుపెట్టి, ఏళ్ల తరబడి అసిస్టెంటుగా చేశాడు. మొదట తీసిన సినిమాలు ఆడలేదు. ఇంటికి వచ్చేయమని నాన్న కబురు పెడితే, "ఇంకొక్కటి తీసి వస్తా" అనేవాడు. ఆ ఇంకొక్కటి ఎప్పటికీ అవలేదు. "చూసేవాడికి అబద్ధం చెప్పకూడదు, నిజాన్ని ఆలస్యంగా చెప్పాలి" అన్నది తన మాట.

"ఎప్పుడూ హత్యలేనా అన్నయ్యా? దేవుడు మెచ్చే సినిమా ఒకటి తీయకూడదూ?" అని నేనొకసారి అడిగాను.

"నా సినిమాలో చంపినోడు ఎప్పుడన్నా తప్పించుకున్నాడా? మన పాస్టరుగారు చెప్పేదీ అదేగా!" అన్నాడు.

నిరుడు గొంతుకు క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్‌తో ప్రాణం నిలిచింది, మాట పోయింది. అప్పటికి తీస్తున్న సినిమాలో చివరి ఘట్టం ఒక్కటే మిగిలి ఉంది. మాట లేనివాడు ఎలా తీస్తాడని నిర్మాత వేరే డైరెక్టరును పెడతానన్నాడట. అన్నయ్య ఫోన్లో రాసి ఆయన ముందు పెట్టాడని వదిన చెప్పింది: 'హంతకుడెవరో ఇంకొకరి చేత చెప్పించను.' నేను ఏడుస్తున్నానని తెలిసి నాకు మాత్రం ఇలా పంపాడు: 'ఏందే దిగులు? నోరేగా పోయింది, కళ్లున్నాయిగా.'

ఆ ఘట్టాన్ని కృష్ణ ఒడ్డున విజయపురి సౌత్ లాంచీ రేవులో తీశాడు. పట్టుబడిన హంతకుణ్ణి లాంచీలో తీసుకెళ్లే దృశ్యం. నేను జావ కాచి పట్టుకెళ్లాను. అన్నయ్య చేతిలో తువ్వాలు ఉంది. అది ఎత్తితే మొదలుపెట్టాలి, దించితే ఆపాలి. నటుడి చూపు కుదరక లాంచీని మళ్లీ మళ్లీ వెనక్కి రప్పించాడు. కూర్చోమని కుర్చీ జరిపితే తల అడ్డంగా ఊపాడు. జావ చల్లారిపోయింది.

పొద్దు వాలుతుండగా తువ్వాలు మరోసారి లేచింది. లాంచీ కదిలింది. ఆపవలసిన చోటు దాటిపోయింది. అసిస్టెంటు తల తిప్పి అన్నయ్య ముఖంలోకి చూశాడు. తువ్వాలు దిగలేదు. నటుడు రేవు వైపు చూస్తూ అలాగే నిలబడ్డాడు.

ఆ షాట్‌లో ఒక్క ముక్క కత్తిరించకుండా ఎడిటింగ్ ముగించాకే అన్నయ్య మంచం పట్టాడు. నేను కళ్లు మూసుకుంటే మాత్రం ఆ రేవే కనిపిస్తోంది. తువ్వాలు దిగడం లేదు. కృష్ణ మీద లాంచీ చిన్నదవుతూ పోతూనే ఉంది.