కంప్యూటర్ ముట్టని మావయ్య

మావయ్యకి కంప్యూటరంటే పడదు. మామూలుగా పడకపోవడం కాదు, ఎవరైనా మౌసు చేతికివ్వబోతే కుర్చీతో సహా వెనక్కి జరిగే రకం. కార్ల కంపెనీలకి ప్రచారం బొమ్మలు వేసే ఆ స్టూడియోలో అందరూ తెర మీదే గీస్తున్నా, ఆయన బల్ల మీద మాత్రం పెన్సిళ్ళు, కాగితాలు, రబ్బరు పొడి.

స్టూడియో నడిపే బాధ్యత ఆయన మేనకోడలిది. మావయ్యని దారికి తేవడానికి ఆమె పడని పాట్లు లేవు. తప్పు గీస్తే ఒక్క నొక్కుతో చెరిగిపోతుందని చెప్పింది. తప్పు చేసినవాడు చెమటోడ్చి చెరుపుకోకపోతే బుద్ధెలా వస్తుందన్నాడు. క్షణంలో నిక్కచ్చిగా చక్రం గీసి చూపించింది. ఆ చక్రాన్ని మన గోతుల రోడ్డు మీద ఒక్కసారి తిప్పి, అప్పుడు మాట్లాడమన్నాడు. పైగా కరెంటు పోయినప్పుడల్లా గదంతా తిరిగి, తన పెన్సిల్ పనిచేస్తోందని అందరికీ చూపించి వచ్చేవాడు.

ఆయన గీసిన కార్లకి రంగులద్దేది రంగుల పిన్ని. నిజానికి ఎవరికీ పిన్ని కాదు, అందరూ అలా పిలుస్తారంతే. బానెట్ మీద ఎండ మెరుపు ఆవిడ దిద్దిందంటే చూసేవాళ్ళు కళ్ళు చికిలించాల్సిందే. తెర ముందు కూర్చోబెడితే మాత్రం పావుగంటలో తలనొప్పి, కళ్ళలో నీళ్ళు.

చివరికి యజమాని తేల్చేశాడు. నెలాఖరుకల్లా మావయ్య కంప్యూటర్ నేర్చుకోవాలి, కాగితాల బల్ల ఎత్తేయాలి. ఈ మాట ఎలా చెప్పాలా అనుకుంటూ మేనకోడలు భోజనాల వేళ తన గదిలోకి వెళ్ళేసరికి, ఆమె కంప్యూటర్ ముందు మావయ్యే కూర్చుని ఉన్నాడు. తెర మీద ఒక ఎర్ర కారు తయారవుతోంది. గీత, రంగు, మెరుపు, నీడ అన్నీ చకచకా పడిపోతున్నాయి. మధ్యమధ్యలో అలవాటు కొద్దీ, తెర మీద లేని పొడిని ఉఫ్‌మని ఊదుతున్నాడు.

"మావయ్యా, నీకు ఇది వచ్చా?"

"ఎప్పట్నుంచో వచ్చు," అన్నాడాయన, తల తిప్పకుండానే. "కాగితం మీద కారుకి ఇద్దరం కావాలి. దీనికి నేనొక్కణ్ణి చాలు. మరి పిన్ని ఎక్కడికి పోతుందే? నన్ను మొండివాడనుకుంటే నాకు పోయేదేం లేదు."

ఇన్నాళ్ళూ తాను దంచిన ఉపన్యాసాలు గుర్తొచ్చి ఆమెకి కోపం వచ్చింది. ఆ వెనకే నవ్వూ వచ్చింది. మావయ్య మీద ఎప్పుడూ లేనంత ప్రేమ కూడా వచ్చింది. ఇంతలో యజమాని ఫోన్ చేసి సంగతి ఏమైందని అడిగాడు.

"కుదరదండీ," అంది. "ఎంత చెప్పినా ఆయన బుర్రకెక్కదు. బల్ల మాత్రం కదలదు. చేత్తో వేసిన బొమ్మే కావాలనే కంపెనీలు మనకింకా ఉన్నాయి. కాదూ కూడదంటే ఆయనతోపాటు నేనూ వెళ్ళిపోతాను."

యజమాని కాసేపు గొణిగి, సరే ఏడవనీ అని ఫోన్ పెట్టేశాడు.

మావయ్య ముఖం మాడ్చుకున్నాడు. "బుర్రకెక్కదనడం దేనికి? ఇష్టం లేదని చెబితే సరిపోయేదిగా."

"మళ్ళీ ఫోన్ చేసి నిజం చెప్పనా?"

"వద్దులే," అన్నాడు మావయ్య. "బుర్రకెక్కదనే ఉండనీ."