గట్టు మీది రత్నపురుష

అరవైల చివర, నేను కాపురానికొచ్చిన కొత్త. వానలు పడగానే మా వేరుశెనగ చేని గట్టున, గులకరాళ్ల నేలలో రత్నపురుష మొక్కలు మొలిచేవి. ఊదారంగు పువ్వుకు పెద్ద రేకు ఒక్కటే. కృష్ణుడి పటానికి పెడదామని కోసుకొచ్చాను.

“ఒంటిరేకు పువ్వేటే? దేవుడికి అవిటి పువ్వెడతావేటి? పారెయ్!” అన్నారు అత్తగారు. దేవుడు రేకులు లెక్కపెడతాడని నాకు అప్పుడే తెలిసింది.

మర్నాడు ఆ మొక్క మగవాళ్లకు మహా బలమన్నాడు ఊరి వైద్యుడు. “ఒక్కటీ ఒగ్గీకే, మా బాబుకి కావాల!” అంటూ అత్తగారు గట్టంతా వేళ్లతో సహా నా చేతే పీకించి, కషాయం కాచి, కొడుకుతో తాగించారు. పటానికి పువ్వే లేకపోయింది.

పెరట్లో తులసి కూడా మగవాళ్లకు బలమని అననందుకు వైద్యుడికీ, అనిపించనందుకు దేవుడికీ దండం పెట్టుకున్నాను.