నల్లజుట్టుతో పుట్టిన పిల్ల

మొన్న తాడేపల్లిగూడెం స్టేషన్లో పాసింజరు కోసం కూర్చుని ఉంటే, ఎదురు బెంచీ మీద ఒకమ్మాయి నుదుటి మీది పాయ ఒక్కటే తెల్లగా రంగు వేయించుకుని కనబడింది. ఇప్పుడది ముచ్చటట. మా అక్క అత్తవారింట్లో అలాంటి పాయ కోసం భయంభయంగా వెతికిన రోజులు గుర్తొచ్చాయి. రైలు ఎంత ఆలస్యమవుతున్నా విసుక్కోబుద్ధి కాలేదు.

అక్క అత్తగారు కొల్లేటి లంకల్లో పుట్టిన మనిషి. పుట్టుకతోనే తెల్లపాయ, పుట్టుకతోనే చెవుడు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పోల్చుకునేవారు, తానూ కాస్త ముద్దగా మాట్లాడేవారు. బావగారికి పాయ వచ్చింది గాని చెవులు బాగానే వినబడతాయి. పెళ్ళినాడు ఆ పాయకి నల్లరంగు పూయించుకుంటే, అది చెమటకి కారి ఫొటోలన్నిటిలోనూ నుదుటి మీద చారగా మిగిలింది. ఆ ఇంట్లో అందరి నమ్మకం ఒకటే: పాయ ఉంటేనే చెవులకి భయం, లేకపోతే లేదు.

రెండువేల అయిదు ప్రాంతంలో, ఏలూరులో, అక్కకి ఆడపిల్ల పుట్టింది. తల నిండా నల్లజుట్టు. బావగారు ఆ తల నిమిరి నిమిరి చూసుకుని వీధంతా మిఠాయి పంచారు. అప్పట్లో నేను తాడేపల్లిగూడెంలో ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్పేదాన్ని. గుండ్రటి పసుపు బఠాణీని ముడతల ఆకుపచ్చ బఠాణీతో కలిపితే, మనవల తరంలో గుండ్రటి ఆకుపచ్చవీ, ముడతల పసుపువీ కూడా వస్తాయి. రంగు దారి రంగుది, ఆకారం దారి ఆకారానిది. ఏటా చెప్పీ చెప్పీ, కూరలో బఠాణీ కనబడినా నీరసం వచ్చేది నాకు.

పిల్లకి పాకే వయసొచ్చాక ఒక ఆదివారం నేనక్కడే ఉన్నాను. అత్తగారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఇది నా కళ్ళలోకి చూడదమ్మా. నాలాగే నోరు చూస్తోంది," అన్నారు. అక్క వెనకనించి పిలిచింది. గిన్నె మీద గరిటెతో కొట్టింది. పిల్ల తిరగలేదు.

విజయవాడలో పరీక్షలు చేసిన డాక్టరుగారు బావగారి పాయ వంక చూసి, "మీ ఇంట్లో ఈ పాయా, ఆ చెవుడూ వేరు కావండీ. మూలం ఒకటే. ఒకరికి జుట్టులో కనబడుతుంది, ఒకరికి చెవుల్లో, ఒకరికి రెండిట్లోనూ," అన్నారు. జుట్టు దారి జుట్టుది, చెవుల దారి చెవులది అనుకోవడానికి నా బఠాణీల పాఠం అక్కడ పనికిరాలేదు.

ఆ రోజునించి అత్తగారు పిల్లని ముట్టుకోవడం మానేశారు. "నా నించే వచ్చిందమ్మా," అంటూ పెరట్లో ఒక్కరే కూర్చునేవారు. అక్క చెవి మిషన్ల వెంట, ఆసుపత్రుల వెంట, మాటలు నేర్పే క్లాసుల వెంట తిరిగి తిరిగి చిక్కిపోయింది. ఒక మధ్యాహ్నం పిల్లని తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టింది. తన పెదాలు ఆవిడకి కనబడేలా ఎదురుగా చతికిలబడి, "అలిసిపోయానండీ అత్తయ్యగారూ. వినబడకుండా ఎలా బతకాలో నాకు తెలీదు. మీకు తెలుసు. మీరే నేర్పండి దీనికి," అంది.

ఆవిడ పిల్ల అరచెయ్యి తన గొంతు మీద ఆనించుకుని, "అమ్మ" అన్నారు. గొంతులో అదురు తగిలి పిల్ల నవ్వింది.

దానికి మాటలు ఆలస్యంగానే వచ్చాయి, నానమ్మలాగే కాస్త ముద్దగా. ఆవిడ పోయి చాలాకాలమైంది. పిల్ల ఇప్పుడు భీమవరంలో ఉద్యోగం చేస్తోంది. ఆ ఏళ్ళలోని రైళ్ళూ, ఆసుపత్రి వరండాలూ నాలో చాలావరకు చెరిగిపోయాయి. నానమ్మా మనవరాలూ ఒకరి నోరు ఒకరు చూసుకుంటూ కబుర్లాడుతుంటే, పక్కనే గోడకి ఆనుకుని అక్క నిద్రపోవడం మాత్రం మిగిలింది. కాలం మనిషిని అంతగా అలసగొట్టి కూడా, ఆ కాస్త కునుకునే భద్రంగా దాచి ఉంచుతుంది కాబోలు.