ఆడబిడ్డ చేత అనిపించిన ఆమెన్

మూడేళ్ల కిందటి మాట. తల్లాడలో మా అత్తగారి చేలో మిర్చి ఏరి వచ్చానంటే నా రెండు చెంపలూ ముక్కు మీదుగా ఎర్రగా కందిపోయేవి. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకునేవి కావు. జుట్టు ఊడింది, నోట్లో పుండ్లు పడ్డాయి.

“మిర్చి ఏరితే ఎవరి మొఖమైనా మండుద్ది. మా వదినవి పని ఎగ్గొట్టే ఏషాలు,” అని మా ఆడబిడ్డ చర్చిలో అందరికీ చెప్పింది. మా ఆయనా అదే నమ్మాడు.

చివరికి పాదాలు వాస్తే ఖమ్మం దవాఖానాకు తీసుకెళ్లాడు. డాక్టరమ్మ ఈ బాధలన్నీ కలిపి చూసి, రక్తం, మూత్రం పరీక్షలు చేయించింది.

“ఇది లూపస్, ఒంటిని కాపాడే శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు. నీకు పడనిది మిర్చి కాదమ్మా, ఎండ. జబ్బు కిడ్నీల దాకా పోయింది,” అంది.

మందులతో తేరుకున్నాక, ఒక ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచాను.

“నావి ఏషాలని చెప్పిన మా ఆడబిడ్డ ఇక్కడే కూసుంది. ఆమె మాట విని ఊకుంటే మీరంతా నా భూస్థాపనకు వచ్చేటోళ్లు. నన్ను బతికించిన దేవునికి స్తోత్రం,” అన్నాను.

సంఘమంతా ఆమెన్ అంది. నేను కూర్చోలేదు. ఆడబిడ్డ వంకే చూస్తూ నిలబడ్డాను. చివరికి ఆమె కూడా తల వంచుకుని ఆమెన్ అంది.

క్షమించమని పాస్టరుగారు ఇప్పటికీ చెప్తుంటారు. ప్రయత్నిస్తున్నాను. కానీ ఆ ఆమెన్ గుర్తొస్తే ఇంకా హాయిగానే ఉంటుంది.