నల్లపిల్లి కొడుకు రంగు

కరోనా తర్వాత బళ్లు తెరిచిన ఏడాది, జూన్‌లో, గుడివాడలోని ఒక యానిమేషన్ స్టూడియోలో సీనియర్ క్యారెక్టర్ డిజైనర్‌గా చేరాను. అంతకుముందు చాలా ఏళ్లు హైదరాబాదులో అదే పని. చూపు మందగించడంతో యాభై రెండో ఏటే విరమించుకుని ఇప్పుడు అవనిగడ్డలో ఉంటున్నాను. ఆ స్టూడియో తీసిన పిల్లుల పాఠంలో తప్పు సైన్సు టీచరుదని బందరులో ఇప్పటికీ అనుకుంటున్నారు. ఆవిడది కాదు, నాది.

మా పనిలో మోడల్ షీట్ అని ఒకటుంటుంది. పాత్ర ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ఎలా కనిపిస్తుందో, ఒంటి మీద ఎక్కడ ఏ రంగో అందులో గీస్తాం. బొమ్మను కదిలించేవాళ్లందరికీ అదే ఆధారం. సైన్సు పాఠమైతే సలహాదారు దాని మీద సంతకం చేయాలి. ఆ తర్వాత చెవి కొన మార్చినా షీటుకు కొత్త నంబరు వేసి, మళ్లీ సంతకం తీసుకోవాలి.

మా సలహాదారు గ్రేస్ మేరీ గారు బందరులో ఒక ప్రైవేటు స్కూల్లో బయాలజీ టీచరు. మొవ్వ దగ్గర పల్లెలో పుట్టారు. వాళ్లింట్లో మొదట డిగ్రీ చదివింది ఆవిడే. పాఠం వంశపారంపర్యం గురించి. పాత్రలు నల్ల తల్లిపిల్లి, నారింజ తండ్రిపిల్లి, వాటి కొడుకు, కూతురు. నేను మొదట గీసిన పిల్లులు మనుషుల్లా పళ్లు చూపించి నవ్వేవి. ఆవిడ నన్ను చేపల మార్కెట్‌కు తీసుకెళ్లి ఉదయమంతా కూర్చోబెట్టారు. ఎండలో కంటిపాప నిలువు గీతగా సన్నబడటం, బెదిరితే చెవులు వెనక్కి పడుకోవడం అక్కడే గమనించాను. చేపలమ్మే ఒకావిడ మా పుస్తకాలు చూసి, "ఏం టీచరమ్మా, పిల్లులక్కూడా హాజరేస్తన్నారా?" అంది. "అల్లరి చేసేవాటి పేర్లు రాసుకుంటున్నానమ్మా" అన్నారు గ్రేస్ మేరీ గారు.

రంగుల సంగతీ ఆవిడే చెప్పారు. పిల్లుల్లో నలుపా, నారింజా అని తేల్చే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగపిల్లికి ఉండేది ఒక్క ఎక్స్, అది తల్లి ఇచ్చిందే. అందుకే నల్ల తల్లి కొడుకు నల్లగా పుడతాడు. కూతురికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. ఒక్కో కణంలో ఒక్కటే పనిచేస్తుంది కాబట్టి ఒళ్లంతా నలుపు, నారింజ కలగలిసి ఉంటాయి. అలాగే గీశాను. మూడో నంబరు షీటు మీద ఆవిడ సంతకం చేశారు.

వారం తర్వాత స్టూడియో యజమాని ప్రసాద్ గారు దాన్ని చూశారు. ఆయనకు నాతో చనువెక్కువ.

"కొడుకన్నాక నాన్న పోలిక ఉండొద్దా బావా? ఆ నల్లోడు ఎవరికి పుట్టాడని తల్లులు అడిగితే ఏం చెప్తాం? నారింజ చేసెయ్."

టీచరు గారు ఒప్పుకోరన్నాను. "పిల్లలు చూసేది తోక బావా, క్రోమోజోము కాదు" అన్నారు.

ఆవిడకు ఫోన్ చేశాను. "ఒకే ఈత పిల్లలకి వేరు వేరు తండ్రులు ఉండొచ్చు సార్, పిల్లుల్లో అది మామూలే. కానీ తండ్రి ఎవరైనా సరే, నల్ల తల్లికి నారింజ కొడుకు పుట్టడు. దానికి నేను సంతకం పెట్టనండి" అన్నారు. తల్లి మీద అనుమానం రాకూడదని ఆయన కోరిన రంగు, అసలు అది తల్లే కాదని చెబుతోందన్నమాట.

ఇంత విన్నాక కూడా కొడుక్కి నారింజ రంగు వేశాను. నాలుగో నంబరు వేయలేదు. మూడో నంబరు షీటులోనే రంగు మార్చాను. కింద ఆవిడ సంతకం అలాగే ఉంది.

వీడియో స్కూళ్లకు వెళ్లింది. ఒక కాలేజీ లెక్చరర్ తప్పు పట్టి, సలహాదారు పేరుతో సహా ఇంటర్నెట్‌లో రాశారు. ఆ ఏడాది గ్రేస్ మేరీ గారికి స్కూలు వాళ్ల జూనియర్ కాలేజీలో ఇంటర్ క్లాసులు ఇవ్వాల్సి ఉంది. స్కూలు యాజమాన్యం సంజాయిషీ అడిగితే, మా స్టూడియో ఆవిడ సంతకమున్న ఆ షీటు పంపింది. క్లాసులు వేరేవాళ్లకు వెళ్లాయి. పల్లె నుంచి వచ్చినవాళ్లకు పునాది ఉండదని యాజమాన్యంలో ఒక పెద్దమనిషి అన్నారట. తప్పు చేసిన నన్ను ఏ ఊరని ఎవరూ అడగలేదు.

ఆవిడ నాకు ఫోన్ చేశారు. "ఆ రంగు నేను ఒప్పుకోలేదని మీకు తెలుసు కదండీ."

"సంతకం మీదే కదండీ" అన్నాను.

"అవునండి. సంతకం నాదే" అని ఫోన్ పెట్టేశారు.

ఈ మధ్య పాత కంప్యూటర్లో నల్ల కొడుకున్న అసలు షీటు దొరికింది. రెండు షీట్లూ జతచేసి, జరిగింది రాసి స్కూలుకు పంపాను. అది పాత విషయమని జవాబిచ్చారు. ఆవిడ ఇప్పటికీ ఎనిమిదో తరగతికే చెబుతున్నారు. అదెలా పాత విషయం? ప్రసాద్ గారికి రాస్తే నవ్వుతున్న బొమ్మ ఒకటి పంపారు. లెక్చరర్ మాత్రం నేను పంపినవి చూసి తన రాతను సరిదిద్దుకున్నారు.

గ్రేస్ మేరీ గారికీ పంపాను, క్షమించమని రాశాను. నా క్షమాపణ గురించి ఆవిడ ఒక్క మాటా రాయలేదు. "చూశాను సార్. ముందు ఆ వీడియో తీయించండి. పిల్లలు ఇంకా తప్పే నేర్చుకుంటున్నారు" అని రాశారు. వీడియో ఇంకా ఉంది. తీయించే అధికారం నాకు లేదు, అడుగుతూనే ఉన్నాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు చెప్పేది ఇది. ఆమోదించిన షీటులో ఏది మార్చాలన్నా, ముందు దాని మీది సంతకం చెరిపేయండి. చెరపడానికి చెయ్యి రాకపోతే, ఆ మార్పు తప్పని మీకు తెలుసన్నమాట. నాకు తెలుసు.