తప్పులేని మేస్త్రీ

పడవల షెడ్డులో తెరచాపలకు తాళ్ళు ఎక్కించే మేస్త్రీకి తోటివాళ్ళు పెట్టుకున్న పేరు 'తప్పులేని మేస్త్రీ'. ఆ పేరు ఆయన చెవిన కూడా పడింది. ఆయన దాన్ని బిరుదే అనుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన చేతిలో ఏ పనీ చెడలేదు మరి. చెడినప్పుడల్లా తాడు నాసిరకంది, కప్పీ వంకరది, గాలి పాడుది, పడవ యజమాని నష్టజాతకుడు. ఆడలేక మద్దెల ఓడన్నదానికి ఒక్క మద్దెల చాలింది. మేస్త్రీకి షెడ్డు నిండా మద్దెలలే.

ఈమధ్య వాటికి ఇంకొకటి చేరింది. కూతురు. తండ్రి దగ్గరే పని నేర్చుకుని అక్కడే కుదురుకుంది. అప్పటినుంచీ ఏ ముడి జారినా, "మా అమ్మాయి వేసిందిలెండి, ఇంకా నేర్చుకుంటోంది" అనేవాడు. ఆ పిల్ల ఆ ముడి విప్పి మళ్ళీ వేసేది. ఇంట్లో తల్లి మాత్రం, "ఇది పుట్టకముందు జారిన ముళ్ళు ఎవరు వేశారో కూడా కనుక్కోండి" అనేది.

ఆ రోజు పళ్ళ డాక్టరు గారి పడవ వచ్చింది. తెరచాప అడుగంచును పట్టి ఉంచే అడ్డకర్రను బూమ్ అంటారు. పేరుకే కర్ర. నిజానికి లోపల డొల్లగా ఉండే అల్యూమినియం గొట్టం. అందులోంచి రెండు తాళ్ళు పోతాయి. ఒకటి చాప మూలను చివరికంటా లాగి బిగిస్తుంది. రెండోది గాలి ముదిరినప్పుడు చాపను కిందికి గుంజి చిన్నది చేస్తుంది. రెండూ పీచులు తేలాయి, మార్చాలి.

పాత తాడు లాగేముందు దాని తోకకు సన్నటి దారం కుట్టాలి. తాడు బయటికొచ్చాక దారం లోపల మిగులుతుంది, దానితో కొత్త తాడు లాక్కోవచ్చు. మేస్త్రీ చెప్పే మొదటి పాఠం ఇదే.

"దారం కట్టకుండా తాడు లాగేవాడి చేతికి పలుపు ఇచ్చి గేదెల దగ్గరికి పంపాలమ్మా" అంటూ కూతురికి ఆ పాఠాన్ని మళ్ళీ అప్పజెప్పాడు. ఆ హుషారులో పాత తాళ్ళు రెండూ సర్రున లాగి నేలమీద పడేశాడు. దారం ఉండ ఆయన జేబులోనే ఉంది.

కూతురు గొట్టం వైపు చూసింది. తర్వాత పైకప్పు వైపు చూసింది.

"చూస్తావేం? గుర్తు చెయ్యొద్దూ!" అన్నాడు.

దారం లోపలికి పంపడానికి గొట్టంలోకి తీగ దూర్చాడు. అది మధ్యలో ఎక్కడో తట్టుకుంది. తీగ నాసిరకందని తేల్చేశాడు. చివరికి కూతురు ఆఫీసు గదిలోంచి వాక్యూమ్ క్లీనర్ తెచ్చి ఆ చివర పెట్టింది. ఈ చివర వదిలిన దారం గాలితో పాటు లోపలికి పోయింది. రెండో దారమూ అలాగే పోయింది. మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది, వెంటనే గొంతూ లేచింది.

"నాన్నా, రెండోది మొదటిదాన్ని చుట్టుకుందేమో. తాళ్ళు ఎక్కించాక ఒక్కొక్కటీ లాగి చూద్దాం."

"నేనెక్కించే తాళ్ళకి నువ్వు పరీక్ష పెడతావా? పద పద."

ఆ దారాలతోనే కొత్త తాళ్ళు రెండూ లాగి ఎక్కించేశాడు. డాక్టరు వచ్చాడు. పడవను పరీక్షించడానికి ముగ్గురూ బయల్దేరారు. రేవు గోడ దాటగానే గాలి ముదిరింది. చాప చిన్నది చేద్దామని డాక్టరు తాడు లాగాడు. దానితో పాటు రెండో తాడూ కదిలింది. రెండూ గొట్టంలో మెలిపడి బిగుసుకుపోయాయి. పడవ ఒరిగి నీళ్ళు అంచుదాకా వచ్చాయి. అందర్నీ నోరు తెరవమనే డాక్టరు ఈసారి తనే తెరిచాడు. కూతురు పాక్కుంటూ వెళ్ళి, చాప మొత్తాన్ని పైనుంచి దించేసింది. ఇంజను వేసుకుని బతుకుజీవుడా అని ఒడ్డుకొచ్చారు.

"ఈ తాళ్ళు ఎక్కించిందెవరు?" అన్నాడు డాక్టరు.

మేస్త్రీ నోట్లో జవాబు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. అది బయటికి రాకముందే కూతురు, "నేనేనండీ" అంది. త్యాగమేమీ కాదు. ఎలాగూ ఆ నింద తనకే తగులుతుంది, కాలయాపన ఎందుకని.

"అయితే ఈ అమ్మాయి ఇంక నా పడవ ముట్టుకోకూడదు మేస్త్రీ గారూ. మీ షెడ్డు ఓనరుకి కూడా చెబుతా. ఇలాంటివాళ్ళని పనిలో ఎలా పెట్టుకున్నారు?"

ఇక తల ఊపితే చాలు. మద్దెల తనంతట తనే మోగింది. మేస్త్రీ తల ఊగలేదు. కూతురి అరచేతులు కనబడ్డాయి. చాప దించేటప్పుడు తాడు ఒరుసుకుని తోలు లేచిపోయింది. ఆయనకు సిగ్గేసింది. అలవాటు లేని సిగ్గు కదా, ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆ వాక్యూమ్ క్లీనర్..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

"ఎక్కించింది నేనండీ. లాగి చూద్దామని అమ్మాయి అంటే వద్దన్నదీ నేనే. ఓనరుకి నా పేరు చెప్పండి."

డాక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మరి మళ్ళీ ఎవరెక్కిస్తారు?"

"మా అమ్మాయి. నేను దారం అందిస్తాను."

సాయంత్రం ఇంట్లో కూతురి చేతులకు తల్లి మందు రాస్తూ, ఎప్పటిలాగే అడిగింది: "ఇవాళ తప్పెవరిదిట?"

"నాదే" అన్నాడు మేస్త్రీ.

ఆవిడ మందు సీసా పక్కన పెట్టి లేచొచ్చి, ఆయన నుదుటిమీద చెయ్యి వేసి చూసింది.